పడవ రంగు గిటారు

ఏలూరు బస్సులో గిటారు నా ఒళ్ళో ఉంది, మా ఆవిడ నా పక్కన ఉంది, నా ప్రాణం మాత్రం ఎక్కడా కుదురుగా లేదు. ధర బాగా పలికితే గిటారు అమ్మేసి కొత్త ఫ్రిజ్ కొనాలి. పలక్కపోతే అది మళ్ళీ తాడేపల్లిగూడెంలో మా అటకెక్కాలి. అదీ ఒప్పందం. నాకు అటకే కావాలి. కానీ ఇన్నేళ్ళూ దాని విలువ పెంచిన నోరు నాదేనాయె! కుర్రతనంలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. ఆ కరెంటు గిటారు జపాన్ నుంచి ఓడలో వచ్చిందని చెప్పేవాణ్ణి, నిజమే. కొల్లేరు ఒడ్డున ఓ పెళ్ళిలో నేను తీగ మీటగానే గూడబాతులు బారులు తీరి పందిరి మీద వాలాయనేవాణ్ణి. అదీ నిజమే, కాకపోతే వాలినవి కాకులు.

ఆర్కెస్ట్రా మూతపడ్డాక గిటారుని కొల్లేటి లంకలో మా బావమరిది ఇంట్లో పెట్టాను. అతను పడవ మనిషి. ఏటా వానలకి ముందు పడవని గీకి, రంగేసి, పసుపు రాసి, బొట్లు పెట్టి నీళ్ళలోకి దించుతాడు. ఓ ఏడు రంగు మిగిలింది. బావగారి వస్తువు పెచ్చులూడి ఉంటే తనకే నామోషీ అనుకున్నాడు. తేనెరంగు గిటారుని నున్నగా గీకి, నీలం పూసి, పసుపూ బొట్లూ పెట్టి మరీ నాకు అప్పగించాడు.

ఏలూరులో పాత వాయిద్యాలు కొని అమ్మే కొట్టాయన గిటారుని తిరగేసి, వెనక ప్లేటు మరలు విప్పాడు. లోపల ఎండిన పసుపు.

"ఇదేంటండీ, పెళ్ళికూతురా?" అంటూ అంచున బ్లేడుతో గీరి చూశాడు. "పాత రంగు చుక్క కూడా మిగల్లేదండీ. ఉండుంటే ధర వేరు. ఇప్పుడు అందులో సగమే."

హమ్మయ్య అనుకున్నాను.

"కానీ లోపలి సామానంతా అసలుదేనండీ. ఆ సగానికే ఇందాక అమ్మగారన్న ఫ్రిజ్, అదీ డబుల్ డోర్‌ది, వచ్చేస్తుంది."

"ఏవండీ, ఇచ్చేద్దామా?" అంది మా ఆవిడ. మొహం వెలిగిపోతోంది.

నాకు బల్ల మీద కుదురు లేదు. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

"ఒక్క మాటండీ," అన్నాను కొట్టాయనతో, వీలైనంత అమాయకంగా. "ఈ రంగు వేసినాయన పనితనం ఎలా ఉందంటారు?"

"పనితనమా! బుద్ధున్నవాడెవడైనా ఇలా చేస్తాడాండీ? గోడకి సున్నం కొట్టినట్టు కొట్టాడు. ఎవడండీ ఆ దద్దమ్మ?"

నేను వంగి మరలు లెక్కపెట్టసాగాను.

"మా తమ్ముడండీ," అంది మా ఆవిడ.

"అయ్యో, నా ఉద్దేశం అది కాదమ్మా..."

"తెలిసిందిలెండి. వాడు రంగేసిన పడవ ఏనాడూ చెమ్మ పీల్చలేదు. ఆ మరలు బిగించి ఇచ్చేయండి."

తిరుగు బస్సులో గిటారు ఆవిడ ఒళ్ళోకి మారింది. భీమడోలు దాటేదాకా నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటూనే ఉన్నాను. ఆవిడ బ్లేడు గీతని వేలితో తడుముతూ ఫోన్ తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఏడు పడవకి రంగు కొన్నావా? కాస్త మిగల్చరా. మీ బావగారి గిటారుకి గీత పడింది."

నవ్వు ఆగిపోయింది.

"ఏం రంగు కొన్నాడట?" అన్నాను.

"ఆకుపచ్చట. బాగుంటుంది కదండీ!"