తొమ్మిది పాయింట్ ఏడు

మా కెమిస్ట్రీ మేడం చనిపోయారు. పోయిన సోమవారం పొద్దున గుండెపోటు వచ్చింది. నారాయణఖేడ్ దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. వాట్సాప్ గ్రూపులో కాలేజీవాళ్ళు 'తీరని లోటు' అని పెట్టారు. చదివితే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఈ ఏడు ఆమెను కాలేజీకి రానివ్వనిది వాళ్ళే.

నాది సిర్గాపూర్. ఇంటర్ దాకా ప్రాక్టికల్స్ అంటే రికార్డు నింపడమే నాకు తెలుసు. బీఎస్సీ మొదటి ప్రాక్టికల్‌లోనూ సీనియర్ రికార్డు చూసి రీడింగ్ రాసేశాను. మేడం నా బ్యూరెట్ వైపు చూశారు. ఆ గాజు గొట్టంలో చుక్క లేదు.

"ఏంది బిడ్డా, గీ రీడింగ్ ఎవనిది?"

"సీనియర్‌ది మేడం."

"తెల్వదంటే తప్పు లేదు. తెల్సినట్టు రాస్తే మాత్రం నేనూకోను."

ఫస్టియర్ వాళ్ళకు ఆమె మొదటి నెలంతా యాసిడ్ ఇచ్చేవారు కాదు. ఉత్త నీళ్ళే. బ్యూరెట్ నింపాలి, చుక్కచుక్కగా వదలాలి, మోకాళ్ళు వంచి కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి చదవాలి. తోటి లెక్చరర్లు 'నీళ్ళ మేడం' అని వెక్కిరించేవారు.

మొదటి పరీక్షలో నేను తప్పాను. మా బావ వెంట హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికి పోదామని బ్యాగుతో బస్టాండ్‌లో కూర్చుంటే ఆమె కంటబడ్డాను.

"యాడికి?"

"పనికి మేడం. ఇంగ్లీషు మీడియం నాతోని కాదు."

"నీ మోకాళ్ళే ఇంక సక్కగ వంగలే, గప్పుడే కాదంటవా? నడువ్!"

నా బ్యాగు తనే పట్టుకుని ముందు నడిచారు. ఆ తర్వాత యాసిడ్‌తో చేసిన ప్రయోగంలో నాకు రీడింగ్ తొమ్మిది పాయింట్ ఏడు వచ్చింది. అందరి రికార్డుల్లో పది. భయపడుతూనే నాకు వచ్చిందే రాశాను. ఆమె దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి 'ఇది నీది' అని రాశారు. ఇవాళ మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నానంటే ఆ మాట వల్లే. ఆ రికార్డును మరుసటేడు ఒక జూనియర్ అడిగితే ఇచ్చాను. తిరిగి రాలేదు.

పోయిన ఏడు సిలబస్ వెనకబడుతోందని కాలేజీవాళ్ళు నీళ్ళ క్లాసు ఆపమన్నారు. ఆమె ఆపలేదు. ఏటేటా కొత్తగా తీసుకునే గెస్ట్ లెక్చరర్ కదా, ఈ ఏడు పిలవలేదు. ఆమెను తీసుకుపోయింది గుండెపోటే, ఆ నింద ఎవరి మీదా వేయను. కానీ గేటు బయట నిలబెట్టినవాళ్ళే నిన్న కాలేజీలో సంతాప సభ పెట్టి మైకు పట్టుకుని ఆమె అంకితభావాన్ని పొగుడుతుంటే కూర్చోలేకపోయాను.

లేచి ల్యాబ్‌కు వెళ్ళాను. బ్యూరెట్లకు దుమ్ము పట్టింది. బల్ల మీద ఈ ఏడు ఫస్టియర్ రికార్డులు, అప్పుడే సంతకాలు కూడా పడ్డాయి. ఒకటి తెరిచాను. తొమ్మిది పాయింట్ ఏడు. ఇంకోటి తెరిచాను. అదే. కట్టంతా అదే.

ఆ కట్ట తెచ్చి మైకు ముందు పడేశాను. "గీ రీడింగ్ ఎవనిది?" అన్నాను.

"నాది," అని నేనే జవాబు చెప్పాను. "నేనిచ్చిన రికార్డే ఇన్నేండ్లు చేతులు మారి, మేడం లేని ఈ ఏడు అందరి రికార్డుల్లకెక్కింది."

వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది. "మాకెవ్వరు చూపియ్యలే అన్నా. మేమేం చెయ్యాలె?"

ఆ అమ్మాయిని ల్యాబ్‌కు తీసుకుపోయాను. వెనకాలే ఇంకొందరు వచ్చారు. బ్యూరెట్ దుమ్ము కడిగి, నిండా నీళ్ళు పోసి, మోకాళ్ళు వంచమన్నాను.