ఫ్యాను కంతకు పెట్టిన మూత

ప్రార్థనలో అన్నీ చెప్పుకుంటాను. ఈ ఒక్కటి దగ్గర నాలుక ఆగిపోతుంది. ఎనిమిదేళ్లుగా ఇదే బరువు. ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే తెలుగూ కాస్త ఇంగ్లీషూ నేర్పాడు. ఆ చదువు వల్లే సముద్రం పక్కన రొయ్యలు ఒలిచే షెడ్డులో నన్ను మేస్త్రీని చేశారు. దేవునికి వందనాలు, ఇల్లు నిలబడింది.

షెడ్డులో ఒక్క ఈగ కనబడినా కంపెనీ ఆఫీసరు నన్నే అడిగేవాడు. గాలిని బయటికి లాగే ఫ్యాను కంతలోంచి వస్తున్నాయని కనిపెట్టాను. అందరూ అన్నాలకు పోయినప్పుడు ఫ్యాను ఆపి, ఐసు పెట్టె థర్మకోలు మూతను కంతకు అడ్డం పెట్టి టేపు వేశాను. ఈగలు ఆగాయి. రొయ్యలు కడిగే క్లోరిన్ నీళ్ల ఘాటు కూడా లోపలే ఆగింది.

అందరికీ కళ్లు మండేవి. నా ఎదుట ఒలిచే మరియమ్మకు దగ్గు పట్టుకుంది. కొంగుతో నోరెందుకు మూసుకుంటోంది? గ్లాసు వేరుగా ఎందుకు పెట్టుకుంది? చిక్కిపోయిందా, నాకే అలా కనబడుతోందా? చివరికి ఆఫీసరుతో క్షయ అని చెప్పాను. ఆ రోజే పంపేశారు.

గేటు దగ్గర అడిగింది. "నాకు టీబీ అని ఎవురు చెప్పినారక్కా?"

"దగ్గతా ఉండావు గదమ్మా."

"ఇంటికాడ రాదే. ఆదివారం అసలే రాదు. ఈడికొస్తేనే. రొయ్యలకేమన్నా టీబీ ఉండాదేమో చూడక్కా," అని నవ్వింది.

ఆదివారం షెడ్డుకు సెలవు; ఆ దగ్గు నేను మూసిన కంత వల్లేనని అప్పుడు అర్థమైంది. లోపలికి తిరిగి పోయాను.

నెల్లూరులో పరీక్ష చేయించుకుని, చదవగలిగేది నేనేనని చీటీ నాకే పంపింది. నెగటివ్ అని ఉంది. ఆఫీసరుకు చూపిస్తే, మరి దగ్గు ఎక్కడిదని అడుగుతాడు కదా? మడిచి దాచేశాను. ఆ వారమే మూత తీసేసి ఫ్యాను వేశాను. ఘాటు తగ్గింది.

"మరియమ్మ పోయినాక షెడ్డుకు ఊపిరొచ్చినట్టుండాది," అంది ఒకామె. నేను కాదనలేదు.

చుట్టుపక్కల ఏ షెడ్డూ ఆమెను తీసుకోలేదు. ఇప్పుడు ఎండలో చేపలు ఆరబెడుతోంది. చర్చిలో ఎదురైతే "వందనాలక్కా" అంటుంది. తెలిసే అంటోందా? నన్ను పరీక్షిస్తోందా? తప్పు చేసింది నేనైతే, ఇన్నేళ్లూ అనుమానం మాత్రం ఆమె మీదే పెట్టుకుని బతికాను.

క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. ఆమెకు ఏ రోగమూ లేదు. కంత మూసింది నేను. చీటీ దాచింది నేను. ఈ మాటలు ఒక మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి. అయినా రాశాను.