గొంగడి మీద మా అన్న

లీడరు చిన్నతనంలో చేసిన తప్పును ఇప్పుడు తవ్వాలా అని ఎవరన్నా వాదులాడుకుంటుంటే నేను నోరు విప్పను. ఒకసారి విప్పాను, చాలు.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఏడు మోతె పక్కన మా ఊళ్లో రైతుల పోరాటానికి జడిసి దొర గడీకి తాళం వేసి సూర్యాపేటకు పారిపోయాడు. ఇక ఊరిని నడిపే కమిటీకి పెద్దను ఎన్నుకోవాల్సి వచ్చింది. కోదాడలో జీతానికుండి నాలుగు మాటలు నేర్చి వచ్చిన మా అన్న పేరే అందరి నోటా వినబడింది. నా సంతోషం చెప్పతరం కాదు.

మా పంచాయితీల్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దరికం ఇచ్చే మనిషిని నడుమ గొంగడి పరిచి కూర్చోబెడతారు. అతని మీద ఎవరికే మాటున్నా అప్పుడే మొహం మీద అనెయ్యాలి. తర్వాత అంటే నోరు పారేసుకున్నట్టే లెక్క.

అన్న కూర్చున్నాడో లేదో, ఆ పెద్దరికం మీద కన్నున్న ఒకాయన లేచాడు.

"బెల్లం ముక్కకు మనిషిని పట్టిచ్చినోడు వీడు. రేపు మనల్ని అమ్మడని ఏం నమ్మకం?"

సంగతి అబద్ధం కాదు. అన్న పదేళ్లవాడప్పుడు మా వాడకట్టు పెద్దయ్య ఒకాయన వెట్టికి పోనని చొప్పవామిలో దాక్కున్నాడు. దొర మనుషులు అన్న చేతిలో బెల్లం పెట్టి అడిగితే వామి వైపు వేలు చూపించాడు. ఆనాటి దెబ్బలకు పెద్దయ్య కాలు వంకరపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఇంతమంది మగాళ్ల నడుమ అని కూడా చూడకుండా లేచాను.

"పదేండ్ల పోరనికి ఏం తెలుస్తది? నీ పదేండ్లప్పటి ఎవ్వారం గూడ తియ్యాల్నా? ఎవల చేన్ల దోసకాయలు నీ కడుపుల పడ్డయో నాకెరుకే!"

జనం గొల్లున నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఇంక గెలిచినట్టే అనుకున్నాను.

అప్పుడు పెద్దయ్య కర్ర పట్టుకుని లేచాడు. నవ్వులు ఆగిపోయాయి.

"పిల్ల చెప్పింది నిజమే. గా పోరని మీద నాకేం కోపం లేదు. ఆకలికి సూపెట్టిండు." అన్న వైపు తిరిగాడు. "గని నీకు మీసాలొచ్చినయ్, పెండ్లయింది, పిల్లలు పుట్టిండ్రు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న నా గడప తొక్కినవా, బిడ్డా? నన్ను సూస్తె సందు మళ్లుతవ్. గది పోరడు చేసింది గాదు గద."

అన్న తల దించుకున్నాడు. ఏదో ఒకటి అను, కాళ్ల మీద పడు, అని లోపల ఎంత కొట్టుకున్నానో. అన్న మాత్రం గొంగడి పోగులు పీకుతూ కూర్చున్నాడు.

మా అన్న పెద్దరికానికి ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నారు. కొన్ని లేచాయి. అన్న వాటిని లెక్కపెట్టలేదు, తలెత్తి నా వైపే చూశాడు. మా అన్నంటే నాకు ప్రాణం. అయినా నా చెయ్యి లేవలేదు.