తమ్ముడి కోసం తెరిచిన తలుపు మూయనివ్వను

నా తమ్ముడు అశ్వత్థప్ప నిన్న పొద్దున బాగేపల్లి బస్టాండులో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నేను రాగులు చెరుగుతున్నాను. ఫోన్ మోగింది. సరోజమ్మ. తమ్ముడితో పాటు మిలిటరీలో ఉండి, వాడికంటే ముందే పోయిన మనిషి భార్య.

"అక్కా, బస్సొచ్చింది. అన్నను పిలుస్తాండాను. లేయడంలేదక్కా."

"వానికి చెముడు గదమ్మా. తట్టి లేపు."

"తట్టినానక్కా."

చేట చేతిలోంచి జారిపోయింది.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మా మనవరాలు టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా మార్చొద్దని చెప్పాను.

మా ఊరివాళ్ళకూ, చిక్కబళ్ళాపురం, చింతామణిలో ఉన్న మా బంధువులకూ ఒక మాట. "దేవుడు పిలిచాడు" అని కామెంట్లు పెట్టకండి. దేవుడు పిలిచింది నిజమే. బస్టాండుకు పిలిచింది మాత్రం మన పంచాయతి.

మందులకైనా, పింఛను పనికైనా, ఇంకా బతికే ఉన్నామని చూపించుకోవడానికైనా మా ఊరి మాజీ సైనికులు చిక్కబళ్ళాపురంలో సైనికుల ఆఫీసుకు పోవాలి. పోయినవాళ్ళ భార్యలూ పోవాలి. సగంమంది ఒంటరిగా బస్సెక్కలేరు.

తమ్ముడు తోడు పోయేవాడు. పంచె కట్టినా కాళ్ళకు పాలిష్ చేసిన నల్ల బూట్లే. ఆ బూట్ల చప్పుడు వినబడితే చాలు, సరోజమ్మ సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చేది.

వాడు పంచాయతిని అడిగింది ఒక్కటే.

మా ఊర్లో పాత పశువుల ఆసుపత్రి బిల్డింగ్ ఏళ్ళుగా ఖాళీ. అందులో ఒక రూమ్ ఇవ్వండి, ఆఫీసువాళ్ళు నెలకొకసారి అక్కడికే వచ్చి మా పనులు చూస్తారు, ముసలివాళ్ళకు బస్సు తిప్పలు తప్పుతాయి అన్నాడు.

పోయినసారి బడ్జెట్లో రాసుకున్నారు. ఖాళీ బిల్డింగులను వాడుకలోకి తేవడం ఒకటి, మాజీ సైనికులకు సౌకర్యాలు ఒకటి.

పోయిన వారం రివ్యూ మీటింగ్ పెట్టారు. నేనూ పోయాను. రెండూ "పూర్తయినాయి" అని చదివారు.

నేను లేచాను. "ఏం పూర్తయిందప్పా?"

"బిల్డింగుకు పెయింట్ కొట్టించినాం గదమ్మా," అన్నాడు పంచాయతి అధ్యక్షుడు.

"సైనికులకు?"

"ఆగస్టులో శాలువా కప్పినాం. మరిచిపోతివా?"

బయట పెయింట్. లోపల అధ్యక్షుడి బావమరిది టమాటా క్రేట్లు. ఊరందరికీ తెలుసు. రూమ్ అడిగితే మాత్రం తాళంచెవి యాడుండాదో తెలీదంటారు.

"ఊర్లో ఉండేది నలుగురైదుగురు సైనికులు. వాళ్ళకొక బిల్డింగా అమ్మా?" అన్నాడు.

"ఆ క్రేట్లు ఏ యుద్ధం చేసొచ్చినాయప్పా?" అన్నాను.

సభంతా నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. నా చెంగు పట్టి లాగాడు. "కూర్చో అక్కా. సభలో అరుస్తారా?" అని, తాను మాత్రం అటెన్షన్లో నిలబడ్డాడు.

"ముందిన వర్ష నోడోణ," అన్నారు వాళ్ళు కన్నడంలో. వచ్చే ఏడు చూద్దామని.

"ఆయితు సార్," అన్నాడు వీడు. సరే సార్ అని.

ఆ "సార్" ఇంకా నా చెవిలో మంటగా ఉంది.

నిన్న ఆంబులెన్స్ ఊర్లోకి రాగానే అధ్యక్షుడు ఎదురొచ్చాడు. చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, సైనికునికి గౌరవం చేయాల. బిల్డింగులో పెడదాం. జనాలొచ్చి చూస్తారు."

దొరకని తాళంచెవి అప్పుడు దొరికింది.

క్రేట్లు బయటికి పోయాయి. గచ్చు కడిగారు. ఫ్లెక్స్ కట్టారు, అందులో తమ్ముడి ఫోటో చిన్నది, అధ్యక్షుడి ఫోటో పెద్దది. బతికుండగా కాలు పెట్టనివ్వని రూములో శవాన్ని పడుకోబెట్టి దండలేశారు, ఫోటోలు దిగారు. జీపుల్లో వచ్చినవాళ్ళు జీపుల్లో పోయారు.

ఒకటి మరిచిపోయారు.

మాలో శవం పడుకున్న చోట, తల పెట్టిన వైపు దీపం పెడతాం. కర్మ అయ్యేదాకా అది ఆరకూడదు. ఆ తలుపుకు తాళం పడకూడదు.

తమ్ముణ్ణి పూడ్చి, మన్ను చేసి వచ్చాక ఇంటికి పోలేదు. నేరుగా ఆ రూముకు పోయి దీపం వెలిగించి పక్కన కూర్చున్నాను.

పంచాయతి వాటర్‌మ్యాన్ తాళం పట్టుకుని వచ్చాడు. "అవ్వా, లేయి. తలుపేయాల."

"మీ నాయన పోయినప్పుడు దీపం మింద తలుపేసి తాళమేస్తిరా?"

వాడు తాళం నా ముందర కింద పెట్టి వెళ్ళిపోయాడు.

కాసేపటికి అధ్యక్షుడే వచ్చాడు. "దీపం మీ ఇంటికి మార్చుకోండమ్మా," అన్నాడు.

"శవాన్ని ఈడ పెట్టమనింది ఎవరప్పా? నేనా?"

అతని వెనకనే వాళ్ళమ్మ వచ్చింది. నా ఈడుదే. "దీపం జోలికి పోయి మనింటికి రావద్దు రా," అని కొడుకును తోలేసి, నా పక్కనే కూలబడింది.

ఈ పోస్ట్ ఆ రూములో నుంచే చెప్తున్నాను. పొద్దున సరోజమ్మ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మిగిలిన సైనికులూ ఒక్కొక్కరే వచ్చారు. అడిగిన రూములోనే కూర్చున్నారు. అడిగినవాడే లేడు.

పంచాయతి వాళ్ళారా, ఇది మీకు. కర్మ లోపల మళ్ళీ మీటింగ్ పెట్టండి. "పూర్తయింది" అన్న మాట కొట్టేయండి. ఈ రూము సైనికులదని అందరి ముందర చదవండి. లేదంటారా, దీపం ఆరినా నేను లేవను. నన్ను కూడా ఇక్కడి నుంచే మోసుకుపోండి. అప్పుడు ఇంకో దీపం పెడతారు.

అశ్వత్థా, నీ బూట్లు ఈ గడప దగ్గరే విప్పి పెట్టాను. ఇంక ఏ బస్సూ ఎక్కే పని లేదు నీకు. ఎవరికీ సార్ అనే పని లేదు.

నెమ్మదిగా నిద్రపో నాయనా.

తలుపు తెరిచే ఉంది.