జాడీ అడుగు దోసకాయలు

నాకు పెళ్లయిన కొత్త, డెబ్బైల నాటి మాట. ఆ ఏడు మా చింతచెట్టు కాయలేదు. రాయకోట సంతలో చింతపండు దొరికేది గానీ అత్త కొననిచ్చేది కాదు. "ఇంట్లో జాడీ నిండా పులుపు పెట్టుకోని సంతకు పోతారా యాడైనా?" అనేది. ఆ పులుపు, వేసవిలో ఆమె రాళ్లుప్పు వేసి పులిసేదాకా ఊరబెట్టిన లేత దోసకాయలు. వాటిని తరిగి పప్పులో వేస్తే చింతపండూ అక్కరలేదు, ఉప్పూ అక్కరలేదు.

ఎన్ని వేయాలో అత్తకు చెయ్యి చెప్పేది. నా చెయ్యి నాకేమీ చెప్పేది కాదు. మూడో తరగతితో బడి మానేసినా, లెక్క లేకుండా నాకు ఏ పనీ తోచదు. నెల రోజుల పాటు ఎన్ని కాయలు వేశానో, రుచి ఎట్లా కుదిరిందో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. చివరికి తేలింది: సేరు కందిపప్పుకు ఆరు కాయలు. ఐదైతే చప్పన, ఏడైతే ఉప్పన.

రాగి కోతకు పద్నాలుగు మంది వచ్చారు. మబ్బు పట్టి ఉంది. రెండెకరాలూ ఆ రోజే కోయాలి. తడిస్తే వెన్నులు మొలకెత్తుతాయి. కోతవాళ్లలో పెద్దదైన ఒక అవ్వ పొద్దున్నే చెప్పేసింది.

"కూడు బాగుంటే పొద్దు గుంకేదాకా ఉంటాము. లేదంటే మధ్యాన్నమే పక్క చేనికి పోతాము. ఆడ ఉలవచారు కాస్తా ఉండారంట."

అత్త చేనికి పోయింది. వంట నాది. రెండు సేర్ల పప్పు, పన్నెండు కాయలు. ఉడికాక రుచి చూస్తే నోట పెట్టలేకపోయాను. గోడ చూశాను, మళ్లీ కూడి చూసుకున్నాను. లెక్క తప్పలేదు.

నీళ్ల బిందె కోసం వచ్చిన అత్త ఒక చుక్క నాకి, జాడీలోకి తొంగిచూసింది.

"పై కాయలు అయిపోయినాయి గదే. ఇవి అడుగువి. ఉప్పంతా ఆడనే దిగి ఉంటుంది. గోడ మీద రాసుకున్నావు సరే, జాడీకి చెప్పినావా?"

"ఇప్పుడేం చేసేది అత్తా?"

"ఏడవకుండా సొరకాయ తరుగు."

దోస ముక్కలన్నీ గరిటెతో ఏరి పక్కన పెట్టాం. పెద్ద సొరకాయ ఒకటి, రెండు చెంబుల వేడినీళ్లు పప్పులో పడ్డాయి. సంగటిలో ఉప్పు వేయలేదు.

ఏరిన దోస ముక్కల గిన్నె కూడా పట్టుకుపోయి, చేని గట్టున వడ్డించాను. అవ్వ మొదటి ముద్ద మింగి నా వైపు తిరిగింది.

"ఏమమ్మా, మీ ఇంట్లో చింతపండు లేదా?"

"లేదవ్వా."

"లేకుంటేనే బాగుంది. మరి ఈ పులుపు యాడిది?"

ఏరిపెట్టిన ముక్కలు చూపించాను. ఆమె ఒకటి కొరికి కళ్లు గట్టిగా మూసుకుంది.

"అబ్బా! ఇదే పెట్టి ఉంటే ముద్దకొక చెంబు నీళ్లు తాగి ఈడనే పండుకొనేవాళ్లము. కోసేదెవరు, మీ అత్తనా?"

అందరికంటే గట్టిగా అత్తే నవ్వింది. ఆ తరువాత ఒక్కొక్కరూ ఒక్కో ముక్క అడిగి సంగటిలో నంజుకున్నారు.

కొడవలి పట్టుకుని ముందు లేచింది అవ్వే. మిగిలిన ముప్పావు ఎకరం కోసి, కుప్ప వేసి, పైన గడ్డి కప్పేసరికి మొదటి చినుకు పడింది. కూలీలంతా మా వసారాలోకి పరుగెత్తారు. అవ్వ కొంగుతో తల తుడుచుకుంటూ, పప్పు ఇంకా ఎంత మిగిలిందని అడిగింది.

"రెండు గరిటెలు" అన్నాను.

"అయితే ఎవరికీ చెప్పొద్దు" అంది.