చిన్న మాటల వీధి

పింగాణీ బట్టీల ఊరైన లాంగ్టన్‌లో ఒక వీధి ఉంది. ఆ వీధివాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం చేతకాదు. ఎదురుపడితే "బాగున్నావా, డక్?" అంటారు. బస్సు కండక్టరైనా బ్యాంకు మేనేజరైనా, అందరికీ అందరూ డక్కే. ఆప్యాయంగా పిలుచుకునే పిలుపు అది. జవాబు కోసం మాత్రం ఎవరూ ఆగరు. "ఏదో, నడుస్తోంది" అంటే జ్వరం కాస్తోందన్నమాట. "కాస్త రఫ్‌గా ఉంది" అంటే మంచం దిగలేకపోతున్నారన్నమాట. అంతకు మించిన మాట ఎవరి నోటా రాదు. వస్తే నెష్ అంటారు. ఈదురుగాలికే ముడుచుకుపోయేవాణ్ణి, ముల్లు గుచ్చుకుంటే కేకలు పెట్టేవాణ్ణి అక్కడ నెష్ అంటారు. ఆ పేరు పడటంకంటే న్యుమోనియా నయమనుకునే జనం.

హెట్టీ బ్లూర్ ఆ వీధిలోనే పుట్టింది, అక్కడే కాపురం చేసింది. భర్త ఈనక్ పింగాణీ బట్టీలో పనిచేసేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషి సగమయ్యాడు. మార్చిలో ఒకరోజు పొద్దున అతని పెదవులు నీలంగా మారాయి. హెట్టీ వీధి చివర ఫోన్ పెట్టె దగ్గరికి పరుగెత్తింది. డాక్టరు ఆ ఊరికి కొత్త, దేశం దక్షిణాది నుంచి వచ్చినవాడు. ఓపిగ్గానే అడిగాడు.

"ఎలా ఉన్నారమ్మా ఆయన?"

"కాస్త రఫ్‌గా ఉన్నాడండీ."

"ఊపిరి అందుతోందా?"

"ఏదో, తీసుకుంటున్నాడు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు. మీకు వీలున్నప్పుడే రండి."

డాక్టరు వీలు చూసుకుని మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికే హెట్టీ ఈనక్ కళ్లు మూసి, తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగింది. డాక్టరు మెట్ల మీద కూలబడిపోయాడు. "ఇంత ఘోరంగా ఉందని ఒక్క మాట చెప్పలేకపోయారా అమ్మా?"

"చెప్పానుగా," అంది హెట్టీ. నిజంగానే చెప్పాననుకుంది.

అప్పటినుంచి పక్కింటి బెర్తా మేచిన్ ప్రతి ఆదివారం ఓట్స్ పిండి అట్లు, జున్ను పట్టుకొచ్చేది. "తిను, డక్, చల్లారిపోతాయి" అని ఎదురుగా కూర్చునేది. ఈనక్ పేరు ఎత్తేది కాదు. ఆమెకు తెలిసిన ఓదార్పు అదే. రెండిళ్లకూ మధ్య ఉన్నది పల్చటి గోడ. పొయ్యి వెనక దాన్ని ఇనప చువ్వతో కొడితే అవతలివాళ్లను రమ్మని పిలిచినట్టు. తెల్లారి బెర్తా పొయ్యిలో బూడిద గీకే చప్పుడు వింటే, లోకంలో ఇంకో మనిషి ఉన్నట్టుండేది హెట్టీకి.

నవంబరులో ఒకనాడు ఆ చప్పుడు రాలేదు. హెట్టీ చువ్వ తీసుకుని గోడ మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెరటి దారిన వెళ్లింది. బెర్తా కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో ఆలుగడ్డల గిన్నెతో. గదిలో చలి కొరికేస్తోంది, ఆమె నుదుటి మీద మాత్రం చెమట. మొహం పాలిపోయింది.

"ఏంటే, ఇంకా పొయ్యి వెలిగించలేదు?"

"వెలిగిస్తాలే. రాత్రి తిన్న పందిమాంసం అరగలేదు. కాస్త రఫ్‌గా ఉంది, డక్. అంతే."

"ఎడమ చెయ్యి అలా పట్టుకున్నావేం?"

"నా చెయ్యి, నేను పట్టుకుంటా. నువ్వెళ్లి టీ పెట్టుకో పో."

"అంబులెన్సు పిలుస్తున్నా."

"పిలిచావంటే చూడు! వీధంతా గుమ్మాల్లో నిలబడుతుంది. రేపు నేను తలెలా ఎత్తుకోవాలే?" అంటూ లేవబోయి మళ్లీ కూలబడింది. ఆలుగడ్డలు నేలమీద దొర్లాయి.

హెట్టీ వీధి చివరికి పరుగెత్తింది. ఫోనులో ఒక అమ్మాయి, "ఏమైందండీ?" అని అడిగింది. హెట్టీ నాలిక మీదికి ముందు ఆ పాత మాటే వచ్చింది. దాన్ని మింగేసింది.

"మా పక్కింటావిడ చచ్చిపోతోంది," అంది. పక్కనున్న రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లంతా తిరిగి చూశారు. "వింటున్నావా? చచ్చిపోతోంది! మీ వీలు చూసుకుని కాదు, ఇప్పుడే రండి!"

వచ్చారు. వీధంతా చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడింది. స్ట్రెచర్ మీద బెర్తాను తెస్తుంటే ఎదురింటి ముసలాయన, "ఏం బెర్తా, షికారుకా?" అన్నాడు.

"అవును, సముద్రం చూపిస్తారట," అంది బెర్తా, ఎగరొప్పుతూనే.

"చిన్న నొప్పేలే, డక్," అన్నాడు స్ట్రెచర్ మోస్తున్నవాడు. అంటూనే పరుగెత్తాడు. అతనూ ఆ ఊరివాడే. ఆ మాటకు అర్థమేంటో హెట్టీకి తెలుసు. తలుపు వేసేముందు బెర్తా ఆమె వైపు చూసింది.

"అందరి ముందూ నన్ను నెష్ దాన్ని చేశావు కదే."

బెర్తా బతికింది. క్రిస్మస్‌కి ముందే ఇంటికొచ్చింది. ఓట్స్ అట్లు మాత్రం మళ్లీ రాలేదు. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుని పోతుంది. "బాగున్నావా, డక్" అన్న ఆ ఉత్తమాట కూడా లేదు. రొట్టెల కొట్టు దగ్గర హెట్టీని చూడగానే ఎవరో ఒకరు, "దగ్గకండర్రా, అంబులెన్సు పిలిచేస్తుంది!" అంటారు. అందరూ నవ్వుతారు. హెట్టీ రొట్టె తీసుకుని వచ్చేస్తుంది. ఆదివారాలు ఇంట్లో రెండు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఈనక్‌ది ఒకటి, ఇప్పుడు బెర్తాది కూడా.

తెల్లారాక హెట్టీ కళ్లు తెరిచి కదలకుండా పడుకుంటుంది. గోడ అవతల ఒక దగ్గు, వెనకే బూడిద గీకే చప్పుడు వినిపిస్తాయి. అప్పుడు మంచం దిగుతుంది.