సుశీలమ్మ సంతానం

రేపల్లె నుంచి ఉదయం బండిలో తెనాలి వచ్చిన సుశీలమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండానే నన్ను అడిగింది: "నన్ను అమెరికా పంపించే కాయితాలు రాసే లాయరమ్మ మీరేనా?"

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఒకరు కన్నకూతురు లిఖిత. రెండోవాడు అన్న రాఘవయ్య కొడుకు ప్రణీత్. బాపట్లలో పురిట్లోనే ప్రణీత్ తల్లి చనిపోతే, మేనత్త అతణ్ణి పొత్తిగుడ్డల్లో చుట్టి రేపల్లె తెచ్చుకుంది. దత్తత కాయితాలేవీ రాయించుకోలేదు. పెద్దయ్యాక మేనరికం కుదిరింది. పెంచిన కొడుకే అల్లుడయ్యాడు. దంపతులు డల్లాస్‌లో స్థిరపడ్డారు. కిందటేడు లిఖిత జబ్బుచేసి మరణించింది. మూడేళ్ళ వైదేహి తల్లి లేని పిల్లగా మిగిలింది. ఆ మనవరాలి దగ్గరకు చేరడం తప్ప సుశీలమ్మకు ఇంకో కోరిక లేదు. సందర్శక వీసాను రెండుసార్లు నిరాకరించారు.

ప్రణీత్‌కు ఈ మధ్యే అక్కడి పౌరసత్వం వచ్చింది. పౌరుడు తన తల్లిని పిలిపించుకోవచ్చు. భార్య తల్లిని పిలిపించుకోలేడు. లిఖిత బతికుండి, పౌరురాలై ఉంటే తానే పిలిపించుకునేది. ఆ చట్టాన్ని ఎన్నిసార్లు తిరగేసినా అందులో అత్తగారికి చోటు లేదు.

"మరి మా వీసా ఏజెంటు అవుద్దన్నాడే!" అంటూ ఆమె ప్రణీత్ పదో తరగతి సర్టిఫికెట్ తీసింది. తల్లి పేరు దగ్గర 'సుశీల' అని ఉంది.

"ఇదేంటండి?"

"బళ్ళో వేసినరోజు మేష్టారు తల్లి పేరు అడిగారమ్మా. చచ్చిపోయిందని చెబితే, ఆ పిల్లలందరిలో వాడు తల్లి లేనోడైపోతాడని నా పేరు చెప్పా. ఆయనకీ తెలుసు. 'పెంచినమ్మ అమ్మ కాదా ఏంటి' అని రాసుకున్నారు."

ఆ దయ పాస్‌పోర్టు దాకా పాకింది. ప్రణీత్, లిఖిత ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ తల్లి ఒకరే. ఇన్నేళ్ళుగా ఎవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. ప్రణీత్‌ను కన్నది తానేనని సుశీలమ్మ ప్రమాణం చేయాలి. ఏజెంటు చూపిన దారి అది.

"అబద్ధపు ప్రమాణం నేను రాయను పిన్నిగారూ," అన్నాను. నా గొంతు అవసరానికి మించి కరుకుగా పలికింది.

"వాడికి చెవులు కుట్టించింది నేను. టైఫాయిడ్ వస్తే భుజానేసుకుని తిరిగింది నేను. ఇందులో అబద్ధమెక్కడుంది? లా చదివినోళ్ళకి అన్నీ అబద్ధాల్లాగే కనపడతయ్యి!"

"అయితే మీ సంతానం వివరాలూ రాయాలి. ప్రణీత్ మీ కడుపున పుట్టాడంటే, లిఖిత మీ కూతురని రాయడానికి లేదు. రాస్తే వాళ్ళది అన్నాచెల్లెళ్ళ పెళ్ళి అవుతుంది."

అప్పుడు కూర్చుంది.

"అంటే... నా పిల్లని తీసెయ్యాలా?"

"ఏజెంటు తీసెయ్యమనే అంటాడు."

సుశీలమ్మ ఆ సర్టిఫికెట్‌ను నెమ్మదిగా మడిచింది. "వద్దమ్మా. దాన్ని ఆఖరి చూపు కూడా చూసుకోలేదు నేను. నేను కనలేదని కూడా రాయమంటే ఎట్టా?"

నిజమే చెప్పి మూడోసారి వీసా అడుగుదామన్నాను. ఈసారీ కాదంటే ఏంటని అడిగింది. హామీ ఇవ్వలేనన్నాను. ఆమె ఫోను తీసింది. అక్కడ అర్ధరాత్రి దాటినా ప్రణీత్ మొదటి రింగుకే ఎత్తాడు.

"అత్తా, ఏమన్నారు?"

"అవదంట్రా. నా మాట విని నువ్వు పెళ్ళి చేసుకో."

అవతల వెక్కిళ్ళు వినిపించాయి.

"ఏడవమాక. పిల్లకి ఇంట్లో ఒక ఆడమనిషి కావాలిరా. నేనే చెప్తున్నాగా."

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "వచ్చే అమ్మాయి వాళ్ళమ్మని పిలిపించుకోవచ్చా?"

"పౌరసత్వం వచ్చాక పిలిపించుకోవచ్చండి. కన్నతల్లి కదా."

సుశీలమ్మ తలాడించింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పోన్లెండి. పాప అమ్మమ్మా అని పిలుచుకోటానికి ఆవిడన్నా వస్తది."